వెనకున్న కారుకు సాయం చేస్తే అది పందెమేనా?

డీఆర్ఎస్ అనగానే మన హాస్టల్లో ఎవరైనా రెండు చేతులూ ఎత్తి 'టి' గుర్తు చూపిస్తారు. అది క్రికెట్ డీఆర్ఎస్. అంపైర్ తప్పు ఇచ్చాడనుకుంటే మళ్ళీ చూడమని అడిగే హక్కు. కార్ల పందేల్లో ఇంకో డీఆర్ఎస్ ఉంది. డ్రాగ్ రిడక్షన్ సిస్టమ్, అంటే గాలి నిరోధాన్ని తగ్గించే ఏర్పాటు. ఫార్ములా వన్‌లో 2011 నుంచి 2025 వరకు పదిహేను సీజన్లు అది నడిచింది. వెనకనున్న కారు ముందున్న కారును దాటడానికి నిబంధనల్లోనే రాసి ఇచ్చిన సాయం అది. ఇలాంటి సాయం ఇవ్వడం న్యాయమా కాదా అని ప్రపంచమంతటా అభిమానులు ఏళ్ళ తరబడి తగువులాడుకున్నారు. మన టీవీ గదిలో కూడా ఆ తగువు వచ్చింది, రెండు మూడు రోజులు అన్నం దగ్గర కూడా నడిచింది. సంచికకు ఏదైనా ఉపయోగపడేది రాయమని అడిగితే, మేమంతా కూర్చుని దీన్నే రాశాం. తమ్ముళ్ళకు అర్థమయ్యేట్టు మొదటి నుంచి చెప్తాం.

కార్ల పందేలకూ మనకూ ఏం సంబంధం, అవి డబ్బున్నవాళ్ళ ఆటలు కదా అని పెద్దలు అడుగుతారు. డబ్బున్నవాళ్ళ ఆట అన్నది నిజమే. కాని సంబంధం బొత్తిగా లేదనడానికి లేదు. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే ఉంది. మాలో ఇద్దరు మోటారు సైకిల్ నేర్చుకున్నది దాని మీదే. సరిగ్గా ఇలాంటి యుద్ధకాలపు రన్‌వేల మీదే మోటారు పందేలు పెరిగాయి. 1950 మే 13న ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదటి పందెం జరిగిన ఇంగ్లండులోని సిల్వర్‌స్టోన్, యుద్ధం అయ్యాక ఖాళీగా మిగిలిన విమానాశ్రయమే. మన పక్కనే మద్రాసు దగ్గర షోలవరంలో కూడా యుద్ధకాలపు రన్‌వే మీదనే ఎన్నో ఏళ్ళు కార్లూ మోటారు సైకిళ్ళూ పందేలాడాయి. మన గూడెం రన్‌వేకి ఆ యోగం పట్టలేదు, అంతే తేడా.

ఇక 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేన్‌సాగర్ ఒడ్డున, సచివాలయం, ఎన్టీఆర్ గార్డెన్స్ చుట్టూ 2.83 కిలోమీటర్ల రోడ్డు మీద కరెంటు కార్ల ప్రపంచ పందెం, ఫార్ములా ఈ, జరిగింది. మన హాస్టల్లో చాలామంది మొదటిసారి కార్ల పందెం మొదటి నుంచి చివరిదాకా చూసింది ఆ రోజే. తగువు మొదలైంది కూడా అక్కడే. ఆ పందెం సంగతి తర్వాత. ముందు అసలు ఒక కారు ఇంకో కారును దాటడం ఎందుకంత కష్టమో తెలియాలి.

మన కొల్లేరులో ఇంజను పడవ పోతుంటే దాని వెనకాలే దోనె వేసుకుని వెళ్ళినవాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు. ముందు పడవ నీళ్ళను చీల్చి కలిపేసి వదిలేస్తుంది. ఆ కలిగిన నీళ్ళలో దోనె అటూ ఇటూ ఊగుతుంది, కర్ర సరిగ్గా పడదు. గాలిలో కార్లకూ అంతే. ఫార్ములా వన్ కారు గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పోయేటప్పుడు గాలిని చీల్చుకుంటూ పోతుంది. దాని వెనక గాలి పలచబడి సుడులు తిరుగుతూ ఉంటుంది. ఆ పలచని గాలిలో వెనకున్న కారుకు రెండు సంగతులు జరుగుతాయి, ఒకటి మంచిది, ఒకటి చెడ్డది.

మంచిది ఏమిటంటే, తిన్నని రోడ్డు మీద ముందు కారు గాలిని చీల్చిపెడుతుంది కాబట్టి వెనక కారుకు నిరోధం తక్కువ. దీన్నే స్లిప్‌స్ట్రీమ్ అంటారు. గడ్డి వేసుకుపోయే ట్రాక్టరు వెనక సైకిలు తొక్కితే ఎదురుగాలి తగలదని మనందరికీ తెలుసు. (తెలుసు కదా అని హైవే మీద లారీల వెనక తొక్కకండి. లారీ బ్రేకు వేస్తే మీకు బ్రేకు వేసే వ్యవధి ఉండదు.) ఆటపాకలో గూడబాతులు వరుస కట్టి ఎగిరేది కూడా గాలి సాయం కోసమే. అయితే అవి సరిగ్గా వెనక ఎగరవు, ఒక పక్కగా ఎగురుతాయి. ముందు పక్షి రెక్క చివర నుంచి పైకి లేచే గాలిని పట్టుకుంటాయి. 2001లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు గూడబాతుల గుండె కొట్టుకోవడాన్ని కొలిచి, ఒంటరిగా ఎగిరేటప్పటి కంటే వరుసలో ఎగిరేటప్పుడు గుండె నెమ్మదిగా కొట్టుకుంటోందని చూపించారు. పక్షులకు తెలిసిన లెక్క ఇది. రోడ్డు మీద కారుకు పక్కగా పోయే వీలు లేదు, మూల వచ్చేసరికి సరిగ్గా వెనకాలే ఉండాలి.

చెడ్డ సంగతి అక్కడే. ఈ కార్లకు ముందూ వెనకా రెక్కలుంటాయి. విమానం రెక్క పైకి లేపితే ఇవి తిరగేసిన రెక్కలు, కారును నేలకు నొక్కిపెడతాయి. ఆ నొక్కుడే లేకపోతే అంత వేగంతో మూల తిరగలేరు. సుడిగాలిలో రెక్కలు సరిగ్గా పనిచేయవు. నొక్కుడు తగ్గి కారు జారుతుంది, టైర్లు వేడెక్కిపోతాయి, డ్రైవరు వెనక్కి తగ్గాలి. మూలలో వెనక్కి తగ్గితే ఆ తర్వాత వచ్చే తిన్నని రోడ్డు మీద స్లిప్‌స్ట్రీమ్ అందేంత దగ్గర ఉండడు. ఫార్ములా వన్ వాళ్ళు స్వయంగా ప్రకటించిన లెక్క ప్రకారం, 2021 నాటి కారు ముందు కారుకు 20 మీటర్ల వెనక ఉంటే 35 శాతం, 10 మీటర్ల వెనక ఉంటే 46 శాతం నొక్కుడు పోగొట్టుకునేది. వేగం ఎక్కువున్న కారు కూడా నెమ్మది కారు వెనక ఇరుక్కుపోయేది అందుకే.

2005 ఏప్రిల్‌లో ఇటలీలోని ఇమోలాలో ఫెర్నాండో అలోన్సో ముందు, మైకేల్ షూమాకర్ వెనక. షూమాకర్ కారుది స్పష్టంగా ఎక్కువ వేగం. చివరి పన్నెండు ల్యాపులు వెనకాలే తిరిగాడు, దాటలేకపోయాడు. పందెం ముగిసేసరికి ఇద్దరి మధ్య పావు సెకను కూడా లేదు. పాతకాలపు అభిమానులు ఇప్పటికీ ఆ పందేన్ని తలుచుకుంటారు. దాటడం జరగలేదు కదా, మరి ఎందుకంత గొప్ప అంటే, ప్రతి మూలలోనూ దాటేస్తాడేమో అనిపించింది కాబట్టి.

2010 నవంబరులో అబూదాబీలో ఇదే అలోన్సోకు తిరగబడింది. నాలుగో స్థానంలో వస్తే చాలు ప్రపంచ ఛాంపియన్. దాదాపు నలభై ల్యాపులు విటాలీ పెట్రోవ్ అనే రష్యా డ్రైవరు వెనక ఇరుక్కుని ఏడో స్థానంలో ముగించాడు. ఛాంపియన్‌షిప్ సెబాస్టియన్ వెటెల్‌కు పోయింది. ఈ పందెం వల్లే డీఆర్ఎస్ వచ్చిందని చాలామంది చెప్తారు. అది సరికాదు. కదిలే వెనక రెక్కకు అనుమతి అంతకు ముందే, 2010 జూన్‌లోనే ఖరారైంది. కాకపోతే, అబూదాబీ చూశాక దాన్ని కాదనే నోరు చాలామందికి లేకపోయింది.

డీఆర్ఎస్ పనిచేసే తీరు సులభమే. ట్రాక్ మీద ఒక కొలత గీత ఉంటుంది. ఆ గీత దగ్గర వెనక కారు ముందు కారుకు ఒక సెకను లోపల ఉంటే, తర్వాత వచ్చే తిన్నని రోడ్డు మీద డ్రైవరు మీట నొక్కవచ్చు. వెనక రెక్కలో ఒక పలక లేచి సందు తెరుచుకుంటుంది. గాలి ఆ సందులోంచి పోతుంది, నిరోధం తగ్గుతుంది, గంటకు పది పన్నెండు కిలోమీటర్ల వేగం కలిసివస్తుంది. బ్రేకు తొక్కగానే మూసుకుంటుంది. ముందున్నవాడికి ఆ హక్కు లేదు. తగువంతా ఈ చివరి వాక్యం మీదే.

కాదనేవాళ్ళు ఏమంటారంటే, దాటడం అన్నది కష్టపడి సంపాదించాల్సిన విద్య, దాన్ని మీట నొక్కి చేసేస్తే హైవే మీద ఆటోను బస్సు దాటినట్టే ఉంటుంది. ముందున్నవాడు ఏ తప్పూ చేయకపోయినా, అడ్డుకునే అవకాశమే లేకుండా స్థానం పోగొట్టుకుంటున్నాడు. 2011లో టర్కీ పందెంలో లెక్కలేనన్ని ఓవర్‌టేక్‌లు జరిగాయి, చూసినవాళ్ళకు చాలావరకు గుర్తు కూడా లేవు. మన సంక్రాంతి బరుల దగ్గర ముసలివాళ్ళు చేసే వాదనతో ఇది అచ్చంగా కలుస్తుంది. కత్తి కట్టిన పందెంలో ఒక్క దెబ్బ సరిగ్గా తగిలితే బలం లేని పుంజు కూడా నిమిషంలో గెలుస్తుంది. కత్తి లేని డింకీ పందెంలోనే పుంజు సత్తువ తెలుస్తుందని వాళ్ళ వాదన. (మేము కోడి పందేలను సమర్థించడం లేదు. ఆ వాదన మాత్రం మా చెవిన పడుతూ పెరిగాం.)

అవుననేవాళ్ళు ఏమంటారంటే, గంటన్నర సేపు కార్లు ఊరేగింపులా పోతుంటే ఎవడు చూస్తాడు? పైగా డీఆర్ఎస్ ఏదో లేని వేగాన్ని దానం చేయడం లేదు, సుడిగాలిలో వెనకవాడు పోగొట్టుకున్నదాన్ని కొంత తిరిగి ఇస్తోంది. కృత్రిమం అంటారా, రెక్కలు కృత్రిమం కాదా, ట్రాక్ కృత్రిమం కాదా? కబడ్డీనే చూడండి. ముగ్గురో అంతకంటే తక్కువో మిగిలినప్పుడు రైడర్‌ను పట్టేస్తే సూపర్ టాకిల్ అని ప్రో కబడ్డీలో ఒక పాయింటు ఎక్కువ ఇస్తారు. తగ్గిపోయిన జట్టుకు అది సాయమే. దాన్ని చూసి ఇది మోసం అని ఎవరైనా అన్నారా? మన వాళ్ళే ఈలలు వేసి గోల చేస్తారు.

ఇలా రెండు పక్షాలూ ఉండగా, డ్రైవర్లు మాత్రం ఆ సాయాన్నే ఒక విద్యగా మార్చేశారు. మాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇది. 2022 మార్చిలో బహ్రెయిన్‌లో షార్ల్ లెక్లెర్క్‌ను మాక్స్ వెర్‌స్టాపెన్ మొదటి మూలలో దాటాడు. లెక్లెర్క్ కావాలనే ముందుగా బ్రేకు వేసి అతణ్ణి పోనిచ్చాడు. తర్వాతి కొలత గీత దగ్గర తను వెనక ఉన్నాడు కాబట్టి డీఆర్ఎస్ హక్కు తనది. నాలుగో మూలలో తిరిగి దాటేశాడు. వరస ల్యాపుల్లో ఇదే జరిగింది. వారం తర్వాత జెడ్డాలో ఇద్దరికీ ఆ కిటుకు తెలిసిపోయి, గీత ముందు దాటకుండా 'నువ్వు పో అంటే నువ్వు పో' అని ఇద్దరూ బ్రేకులు వేసుకున్నారు.

ఇంతకంటే గొప్పది 2023 సెప్టెంబరు 17న సింగపూర్‌లో జరిగింది. ముందు ఫెరారీ కారులో కార్లోస్ సైన్జ్. వెనక మెక్‌లారెన్‌లో లాండో నోరిస్. వాళ్ళ వెనక కొత్త టైర్లతో రెండు మెర్సిడెస్ కార్లు దూసుకొస్తున్నాయి. నోరిస్‌ను దాటితే వాళ్ళు సైన్జ్‌నూ దాటేస్తారు. మామూలుగా ఎవరైనా నోరిస్‌కు దూరంగా పారిపోవాలని చూస్తారు. సైన్జ్ వేగం తగ్గించి, నోరిస్‌ను తనకు సెకను లోపలే ఉంచుకున్నాడు. అంటే తన వెనకవాడికి తనే డీఆర్ఎస్ ఇచ్చాడు, ఆ వేగంతో అతను వెనక వచ్చే మెర్సిడెస్‌ను ఆపుకోవడానికి. తనను దాటే ప్రమాదం ఉందని తెలిసీ ఇచ్చాడు. సైన్జ్ గెలిచాడు, నోరిస్ రెండో స్థానం. ఆ ఏడాది జరిగిన 22 పందేల్లో రెడ్ బుల్ జట్టు గెలవని పందెం అదొక్కటే. డీఆర్ఎస్ బొత్తిగా బుర్ర అక్కరలేని మీట అనేవాళ్ళకు మేము ఈ పందెం చూపిస్తాం.

అయితే డీఆర్ఎస్ విఫలమైన చోటు కూడా ఉంది. ఐదారు కార్లు ఒకదాని వెనక ఒకటి సెకను లోపలే ఉంటే, మొదటివాడికి తప్ప అందరికీ రెక్క తెరుచుకుంటుంది. అందరికీ వేగం పెరిగితే ఎవరూ ఎవర్నీ దాటరు. అభిమానులు దీనికి డీఆర్ఎస్ రైలు అని పేరు పెట్టారు. ప్యాసింజరు రైలు అంటే ఇంకా బాగుండేది.

ఇప్పుడు హైదరాబాదు సంగతి. ఫార్ములా ఈ లో రెక్క తెరిచే ఏర్పాటు లేదు. అక్కడ ఉన్నది అటాక్ మోడ్. 2018 చివర్లో మొదలైన సీజన్ నుంచి ఉంది. హైదరాబాదు పందెంలో కార్ల మామూలు శక్తి 300 కిలోవాట్లు, అటాక్ మోడ్‌లో 350. మొత్తం నాలుగు నిమిషాలు, రెండు విడతలుగా వాడుకోవాలి. తేడా ఎక్కడంటే, ఇది ముందువాడికీ వెనకవాడికీ అందరికీ సమానం. ఊరికే కూడా రాదు. మూలలో మామూలు దారి వదిలి, బయటి వైపు గీసిన గడుల మీదుగా కారు పోనివ్వాలి. అది దూరం దారి, దుమ్ముండే దారి. అక్కడ పోయేటప్పుడు స్థానం పోగొట్టుకోవచ్చు. ముందు నష్టపడితే తర్వాత లాభం. ఆ రోజు మాలో ఎక్కువమందికి కార్లు దారి తప్పి పక్కకు ఎందుకు పోతున్నాయో అర్థం కాక నవ్వుకున్నాం. అర్థమయ్యాక ఎవడు ఎప్పుడు పోతాడా అని పందేలు కాశాం, బిస్కట్ ప్యాకెట్ల మీద.

ఆ పందెం జ్యాఁ ఎరిక్ వెర్న్ గెలిచాడు. నిక్ కాసిడీ రెండో స్థానం. చివర్లో వెర్న్ బ్యాటరీలో మిగిలిన కరెంటు తక్కువ, వెనకున్న కాసిడీ దగ్గర ఎక్కువ. అయినా దాటనివ్వలేదు. సెబాస్టియన్ బూమీ మూడోవాడుగా గీత దాటాడు గాని, అనుమతించిన శక్తి కంటే ఎక్కువ వాడినందుకు కాలం జరిమానా పడి కిందికి పోయాడు, ఆంటోనియో ఫెలిక్స్ డ కోస్టాకు మూడో స్థానం దక్కింది. సాయం అందరికీ ఉన్నా చివరికి గెలుపు ఆపుకోవడంలోనే వచ్చింది. మరుసటేడు హైదరాబాదులో జరగాల్సిన రెండో పందెం రద్దయింది, మళ్ళీ చూసే భాగ్యం కలగలేదు.

ఫార్ములా ఈ లోనే ఇంకో సాయం ఉండేది, ఫ్యాన్‌బూస్ట్. 2014 నుంచి 2022 దాకా. అభిమానులు ఓట్లు వేసేవారు. ఎక్కువ ఓట్లు వచ్చిన డ్రైవర్లకు పందెంలో కొద్ది సెకన్ల అదనపు శక్తి ఇచ్చేవారు. దీని గురించి మా అందరిదీ ఒకే మాట: ఇది కుదరదు. పేరున్నవాడికి ఓట్లు, ఓట్లున్నవాడికి శక్తి, శక్తితో మళ్ళీ పేరు. కొత్తగా వచ్చినవాడి గతి ఏమిటి? కొత్త తరం కార్లతో మొదలైన 2023 సీజన్‌లో దాన్ని తీసేశారు కాబట్టి హైదరాబాదులో అది లేదు. పీడ పోయింది.

మీట నొక్కే సాయాలు ఇంకా ఉన్నాయి. దేశాల పేర్లతో జట్లు ఆడిన ఏ1 గ్రాండ్ ప్రీ పందేల్లో పవర్‌బూస్ట్ మీట ఉండేది, ఒక్కో పందెంలో కొన్నిసార్లే వాడాలి. 2007 డిసెంబరులో చైనాలోని జుహాయ్‌లో నారాయణ్ కార్తికేయన్ ఇండియా జట్టుకు మొదటి గెలుపు తెచ్చింది ఆ పందేల్లోనే. 2005లో ఫార్ములా వన్‌లో ఆడిన మొదటి భారతీయుడు కూడా ఆయనే. అమెరికాలో ఇండీకార్ పందేల్లో పుష్ టు పాస్ అనే మీట ఉంది. దాన్ని పందెం మొదలయ్యేటప్పుడూ, ఆగి మళ్ళీ మొదలయ్యేటప్పుడూ వాడకూడదు. 2024 మార్చిలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జోసెఫ్ న్యూగార్డెన్ గెలిచాడు. అతని కారులో ఆ మీట వాడకూడని సమయంలో కూడా పనిచేసిందనీ, అతను వాడాడనీ తేలి, నెలన్నర తర్వాత గెలుపు లాగేసుకున్నారు. సాయం ఎంత ఇవ్వాలన్నది ఒక గొడవైతే, దాన్ని కాపలా కాయడం ఇంకో గొడవ.

ఇక్కడ ఒక మాట దాచకుండా రాయాలి. మా గదిలో తగువు వేడెక్కింది కార్ల వల్ల కాదు. 'వెనకున్నవాడికి సాయం చేసి దాటిస్తే అదేం గెలుపురా?' అని ఒకడన్నాడు. వాడు డీఆర్ఎస్ గురించే అన్నాడు. విన్నవాళ్ళకు ఇంకోటి వినబడింది. కాలేజీలో చేరిన మొదటి వారంలోనే 'మీకేంటి, కోటా ఉంది' అనే మాట మనలో విననివాడు లేడు. ఉద్యోగాల్లో చేరాక కూడా విన్నామని పాత విద్యార్థులైన అన్నలు చెప్తారు. అందుకని ఆ రాత్రి అందరూ ఒక్కసారి మాట్లాడారు.

మేము నిదానంగా ఆలోచించాక తేలింది ఇది. ఆ పోలిక ఒక చోట బాగా కుదురుతుంది. వెనక కారు ఇబ్బంది పడేది దాని ఇంజను చేతకానిది కాబట్టి కాదు, ముందు కారు వదిలిన సుడిగాలి వల్ల. ఆ గాలిని లెక్కలోకి తీసుకోకుండా 'సొంతంగా దాటు' అనడం ముందున్నవాడికి తేలిక. ఇంకో చోట కూడా కుదురుతుంది. డీఆర్ఎస్ ఉన్నంత మాత్రాన దాటినట్టు కాదు. సెకను లోపలికి తనంతట తను రావాలి, బ్రేకు ఎక్కడ వేయాలో తనకు తెలియాలి. మనకు సీటు దాకానే దారి. సెమిస్టరు పరీక్ష పేపరు మీద కోటా గడి ఉండదు.

కాని పోలిక కుదరని చోటు కూడా ఉంది, అది ఒప్పుకోకపోతే మన వాదనకే నష్టం. డీఆర్ఎస్ ఎవరు బలహీనులు అని చూడదు. ఆ క్షణంలో ఎవరు వెనక ఉన్నారు అన్నదే చూస్తుంది. అన్నిటికంటే డబ్బున్న జట్టు కారు ఏదో కారణంగా చివర్నుంచి మొదలైతే, చిన్న జట్ల కార్లను డీఆర్ఎస్‌తో వరసగా దాటుకుంటూ పోతుంది. చిన్న జట్టుకు పాతకాలంలో ఉన్న ఒకే ఒక్క ఆయుధం అడ్డుకోవడం. 1981 జూన్‌లో స్పెయిన్‌లోని హరామాలో జీల్ విల్‌నెవ్, మూలల్లో సరిగ్గా తిరగని ఫెరారీతో, తనకంటే బాగా నడిచే నాలుగు కార్లను పందెం చివరిదాకా వెనక ఆపి గెలిచాడు. మొదటివాడికీ ఐదోవాడికీ మధ్య సెకనున్నర కూడా లేదు. డీఆర్ఎస్ ఉండి ఉంటే తిన్నని రోడ్డు మీద నాలుగూ దాటేసేవి. కాబట్టి వెనకున్నవాడు అంటే బలహీనుడు అని అర్థం కాదు. ఎందుకు వెనక ఉన్నాడు అన్నది అడగాలి. ఇది చెప్పినప్పుడు మొదట ఆ ప్రశ్న వేసినవాడు 'నేనన్నదీ అదే' అన్నాడు. వాడన్నది అది కాదని మాకు తెలుసు, అయినా ఊరుకున్నాం.

ఫార్ములా వన్ వాళ్ళు కూడా ఆ కారణం దగ్గరికే కొంత వెళ్ళారు. 2022లో కార్ల ఆకారాన్నే మార్చారు. నొక్కుడులో ఎక్కువ భాగం పై రెక్కల నుంచి కాక కారు అడుగున ఉన్న సొరంగాల నుంచి వచ్చేట్టు చేశారు, వెనకకు వదిలే సుడిగాలి తగ్గేట్టు. అప్పుడు ప్రకటించిన లెక్కలో 20 మీటర్ల దగ్గర నష్టం 4 శాతానికి, 10 మీటర్ల దగ్గర 18 శాతానికి దిగింది. మొదటి ఏడాది కార్లు నిజంగానే దగ్గర దగ్గరగా తిరిగాయి. తర్వాత జట్ల ఇంజనీర్లు తమ కారు వేగం కోసం ఒక్కో ముక్క మార్చుకుంటూ పోయేసరికి, 2025 నాటికి మళ్ళీ వెనక ఉండలేకపోతున్నామని డ్రైవర్లు అనడం మొదలైంది. ఎవరి కారు వాళ్ళు బాగుచేసుకుంటారు గాని వెనకవాడి గాలి బాగుచేయడానికి ఏ జట్టూ జీతం ఇవ్వదు కదా.

2026 నిబంధనల్లో డీఆర్ఎస్ పేరు పోయింది. ఇప్పుడు తిన్నని రోడ్డు మీద రెక్కలు తెరుచుకునే హక్కు అన్ని కార్లకూ ఉంది, ముందువాడికీ వెనకవాడికీ. దాటడానికి వేరే సాయం పెట్టారు, ఓవర్‌టేక్ మోడ్. ముందు కారుకు సెకను లోపల ఉన్నవాడికి అదనంగా కరెంటు శక్తి వాడుకునే వీలు. కారులో బ్యాటరీ మోటారు శక్తి ఇప్పుడు 350 కిలోవాట్లు. వేగం బాగా పెరిగే కొద్దీ ముందు కారు ఆ శక్తిని తగ్గించుకుంటూ రావాలి, వెనకవాడు మాత్రం ఇంకొంత వేగం దాకా పూర్తిగా వాడుకోవచ్చు. అదీ ఊరికే కాదు, ఇక్కడ వాడేస్తే ఇంకో చోటికి బ్యాటరీలో మిగలదు. హైదరాబాదులో చూసిన లెక్కకు ఇది కొంచెం దగ్గరగా వచ్చింది.

ఈసారి టీవీ గదిలో పందెం పెట్టినప్పుడు తమ్ముళ్ళు ఒక పని చేయండి. తెరకు ఎడమ పక్క డ్రైవర్ల పేర్ల ఎదురుగా అంకెలు మారుతుంటాయి, అవి ముందు కారుకూ వెనక కారుకూ మధ్య ఉన్న సెకన్లు. ఏదైనా జంట దగ్గర ఆ అంకె ఒకటి కంటే తగ్గితే మొదటి స్థానం ఎవరిదన్నది వదిలేసి ఆ ఇద్దర్నే చూడండి. వెనకవాడు ఏ మూలలో దగ్గరవుతున్నాడు, ఏ మూలలో సుడిగాలి తగిలి దూరమవుతున్నాడు, బ్యాటరీ ఎక్కడ దాచుకుంటున్నాడు అన్నది రెండు మూడు ల్యాపుల్లో మీకే కనబడుతుంది. అప్పటిదాకా రిమోట్ మా దగ్గరే ఉంటుంది.